పసుపు పుస్తకంలో తొంభైతొమ్మిది వాక్యాలు

చింతాద్రిపేట,
సోమవారం

జయంతత్తకు మధుమిత నమస్కారాలు.

అత్తా, మా ఇంట్లో నా మొహం చూసి నా మనసు కనిపెట్టినవాళ్ళు ఇంతవరకు ఒక్కరూ లేరు. ఇప్పుడు నా నోటుబుక్కు చూసి మొత్తం కనిపెట్టేశామంటున్నారు. బీరువాలో దొరికిన ఆ పుస్తకాన్ని నాన్న నీ సలహాకోసం పంపించాడట. మన గోనెసంచుల లోడుతో రోజూ మీ పురసవాక్కానికి వచ్చే కామేశమే చెప్పాడు.

అది డైరీ కాదు. ఇంగ్లీషులో ఏ క్రియ తర్వాత ఏం రావాలో చూపించే వాక్యాలు. 'వాంట్' వెనకే 'టు' రావాలి. 'ఎంజాయ్' అంటే తర్వాతి మాటకు 'ఇంగ్' తోక ఉండాలి. 'లెట్', 'మేక్' వస్తే ఏ తోకా అక్కర్లేదు. మాటలు ఏవో ఒకటి పెట్టాలి కదా, కంటిముందు ఉన్నవి పెట్టాను. 'మై ఫాదర్ మేడ్ మీ సిట్ ఇన్ ద షాప్.' కూర్చోబెట్టిన మాట నిజమే, కానీ అది ఫిర్యాదు కాదు, ఉదాహరణ. 'ఐ ఎంజాయ్ లుకింగ్ ఎట్ ద కూవం' దగ్గరికి వచ్చేసరికైనా వాళ్ళకి తెలియాల్సింది, ఇదంతా కల్పన అని. ఆ మురుగునదిని చూసి ఆనందించేవాళ్ళెవరు?

నీకొక్కదానికే చెప్తున్నా. పెరంబూరులో రైలు కోచ్ ఫ్యాక్టరీ వాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళకి ఇంగ్లీషు మాట్లాడ్డం నేర్పే చోట నాకు ఉద్యోగం ఇస్తామన్నారు. చేత్తో రాసిన వంద వాక్యాల పుస్తకం శనివారంలోగా ఇవ్వాలి. తొంభైతొమ్మిది అయ్యాయి. కొట్టు ఉన్న ఇంటి పిల్ల ఇంకొకరి దగ్గర పనికి పోవడమేంటని నాన్న అంటాడు కనక ఇంట్లో చెప్పలేదు. పుస్తకం కామేశం చేతికిచ్చి పంపు.

ఇట్లు,
నీ మేనకోడలు

తా.క. ఫోను చెయ్యకు. మా ఇంట్లో ఫోను మోగితే స్పీకరులో పెట్టి, అందరూ చుట్టూ చేరి వింటారు.


పురసవాక్కం,
మంగళవారం

చిరంజీవి మధుమితకు మీ అత్త ఆశీస్సులు.

నీ జాబు రెండు సంచుల మధ్య నలిగి వచ్చింది. ఇస్త్రీ పెట్టె వేడి చేసి సాపు చేసుకొని చదివినాను. పుస్తకం ముందే ముట్టింది. ఇంగ్లీషు నాకు అంతగా రాదు గదా, కింది పోర్షన్లో ఉండే లూర్దుమేరి టీచరమ్మ చేత చదివించుకున్నాను. ముప్పై ఏండ్లు స్కూల్లో పాఠం చెప్పిన మనిషి. ఒక్కో వాక్యం చదివి, అద్దాలు తీసి, అరవంలో అర్థం చెప్పి, మళ్ళీ అద్దాలు పెట్టుకుంటుంది. తొంభైతొమ్మిదికి మూడు గంటలు పట్టింది.

నువ్వు ఉదాహరణ అంటుండావు. సరి. కానీ ఆ పుస్తకం నాలుగు మూలలు చూసుకున్నావా? ఉగాదికి కొట్టు పుస్తకాలకు పసుపు పెడితే అందులో మిగిలిపోయినది గదా అది. మీ తాత పెట్టిన కట్టుబాటు నీకు తెలీదా? పసుపు పుస్తకంలో రాసినది కొట్టెయ్యగూడదు, చింపగూడదు, చేసి తీరాల. ఆయన ఒకసారి కునుకుపాట్లలో తిరుపతికి నడిచి వస్తానని రాసుకొని, నడిచే పొయినాడు.

కాబట్టి నలభయ్యో నంబరు మాట చెప్పు. 'కేశవ్ ఆస్క్డ్ మీ టు వెయిట్.' ఎవరీ కేశవ్? ఎన్నాళ్ళు కాచుకోమన్నాడు? మీ నాన్న రంగడు నీ మీద కోపంగా లేడు, ఆ పిల్లోడి మీదే ఉండాడు. ఈ పొద్దే విచారించే దానికి పొయినాడు.

ఇట్లు,
జయంతి

తా.క. అరవైరెండు: 'మై ఆంట్ కీప్స్ టాకింగ్.' ఏ ఆంటు? నీకు ఉండేదే ఒక్క అత్త.


చింతాద్రిపేట,
బుధవారం

అత్తకు నమస్కారాలు.

కేశవ్ మా సందు మొదట్లో వాచీలు బాగుచేసే తాత. డెబ్భై దాటాయి. నా వాచీ ఇస్తే 'కాస్త కూర్చోమ్మా' అన్నాడు. ఆయన అందరితోనూ అదే అంటాడు. అంతే ఆ వాక్యం కథ.

నాన్న ఆయన్ని కనిపెట్టాడు. నిన్న వెళ్ళి, బాగా నడుస్తున్న తన వాచీ ఇచ్చి, పని జరుగుతున్నంతసేపూ మనవళ్ళు ఎవరైనా ఉన్నారా, పెళ్ళిళ్ళయ్యాయా అని ఆరా తీశాడట. కేశవ్ తాత అన్నిటికీ తల ఊపి, వాచీ విప్పేసి, రేపు రమ్మన్నాడు. ఇప్పుడు నాన్న దగ్గర వాచీ లేదు, అనుమానం మాత్రం ఉంది.

ఆ పసుపు నేను పూసింది కాదు. కొట్టు అటక మీద ఖాళీగా ఉంటే తీసుకున్నాను. పసుపంటిన ప్రతిదీ ప్రమాణమైతే మన పోపులపెట్టె మీద కోర్టు నడపొచ్చు. శనివారం దగ్గరపడుతోంది. ఆ పుస్తకం ఇవ్వకపోతే పెరంబూరు వాళ్ళు ఇంకొకరిని చూసుకుంటారు, నేను వచ్చే ఏడాది కూడా గోనెసంచుల మధ్య కూర్చుంటాను. ఎం.ఏ. చదివింది అందుకు కాదు అత్తా.

ఇట్లు,
మధుమిత

తా.క. ఇంట్లో ఏదో జరుగుతోంది. పొద్దున అమ్మ నన్ను ఎనిమిదిదాకా లేపలేదు. ఒంట్లో బాగాలేదా అంటే, 'పడుకోమ్మా, ఇంకా రెండు నిమిషాలున్నాయి' అంది గడియారం చూస్తూ. తర్వాత ఎవరో వచ్చి గోడలు కొలిచి, నీలం రంగు సరేనా అని నన్ను అడిగారు.


పురసవాక్కం,
గురువారం

చిరంజీవి మధుమితకు ఆశీస్సులు.

భయపడొద్దు. నేనే టీచరమ్మ చెప్పిన అర్థాలన్నీ తెలుగులో రాసి రంగడికి పంపినాను. మీ అమ్మ నిన్ను ఎనిమిదిదాకా పడుకోనిస్తుందని పన్నెండులో ఉంది. ఇంటికి నీలం రంగు వేయించాలనుకుంటున్నామని ముప్పైఒకటిలో ఉంది. మైసూరుపాకు తినాలని ఉందని యాభైఎనిమిది. కిలో పంపినాను, కామేశం దారిలో తినకుండా తాడు కట్టినాను, ముడి చూసుకో. కేశవ్ సంగతి కూడా తీరిపొయింది. వాచీకోసం రంగణ్ణి కూడా కాచుకోమన్నాడంట గదా, ఇంటికొకరు కాచుకుంటే చాలునని తీర్మానించినాము.

డెబ్భైఏడు మరిచిపోవద్దు. 'మై అంకుల్ గేవ్ అప్ స్మోకింగ్.' మంగళవారం నుంచి మీ వెంకట్రామ్ మామ సిగరెట్టు ముట్టలేదు. ఇరవై ఏండ్లుగా నేను చెప్పి, డాక్టరు చెప్పి, కానిది. పసుపు మూలలు చూపించినాను, పెట్టె తెచ్చి నా చేతిలో పెట్టినాడు. అందుకే పుస్తకం తిరిగి ఇచ్చే దానికి మనసు రాలేదు.

కానీ టీచరమ్మ ఒక మాట అనింది. అప్పటి నుంచి మనసులో తిరగతా ఉంది. 'ఈ పిల్ల పుస్తకంలో డిసైడ్ మూడుసార్లు వచ్చింది. ఒకసారి వాళ్ళ నాన్న పక్కన, ఒకసారి కేశవ్ పక్కన, ఒకసారి పెయింటర్ పక్కన. ఆమె పక్కన అంతా వాంట్, హోప్' అనింది. తప్పు దిద్దలేదు, తప్పేమీ లేదు కూడా. అద్దాలు తుడుచుకొని లేచిపొయింది.

సరి, పుస్తకం పంపుతున్నాను. వందోది ఖాళీగా ఉంది గదా. అందులో మామ గురకపెట్టడం మానేశాడని రాసి, సాయంత్రం లోడుతో తిరిగి పంపు. నీ చేతి రాతే ఉండాల.

ఇట్లు,
జయంతి

తా.క. ఒక వాక్యానికి జాగా మిగిల్తే, పేకాట కూడా.


చింతాద్రిపేట,
శనివారం

అత్తకు నమస్కారాలు.

మైసూరుపాకు ముడి సరిగ్గానే ఉంది. కామేశం పక్కన చిన్న చిల్లు పెట్టుకున్నాడు.

పుస్తకం అందాక మొదటినుంచీ చదివాను, ఈసారి తోకలు చూడకుండా. ఈ తొంభైతొమ్మిదీ ఉత్త ఉదాహరణలని నీకు రాశాను. అది పూర్తిగా నిజం కాదు. నాన్న ఎక్కడొచ్చినా పక్కన 'మేక్', 'లెట్'. నేనెక్కడొచ్చినా ఏదో కోరుకుంటూ, ఆశపడుతూ, అనుమతి అడుగుతూ ఉన్నాను. కూవం ఒక్కటే కల్పన.

వందోది రాశాను. గురక గురించి కాదు. 'ఐ హ్యావ్ డిసైడెడ్ టు టీచ్ ఇన్ పెరంబూర్.' నిన్న పొద్దున కొట్లో నాన్న ముందు తెరిచి పెట్టి, అర్థం తెలుగులో చెప్పాను. నాన్న పుస్తకం దగ్గరికి లాక్కున్నాడు. బొటనవేలితో నాలుగు మూలలూ ఒక్కోటి తడిమాడు.

"పెన్నుతో రాసినావా?" అన్నాడు.

"పెన్నుతోనే."

"మీ తాతకి తెలుగు తప్ప ఇంకో భాష రాదు."

"కట్టుబాటులో భాష మాట లేదు నాన్నా."

నాన్న లేచాడు. సంచుల లెక్క చూసే కుర్చీ మీద నేను రోజూ వేసుకునే దిండు తీసి, దులిపి, అటక మీద పెట్టాడు. తర్వాత, సెంట్రల్ దాకా నడిస్తే పెరంబూరు ట్రైను దొరుకుతుందా అని కామేశాన్ని అడగడం వినపడింది.

పుస్తకం ఇవాళ ఇచ్చి వచ్చాను. వాళ్ళు చదివి, ఉంచేసుకున్నారు. క్లాసులో అందరికీ అదే చూపిస్తారట. కాబట్టి మామ గురకా పేకాటా నీ పాలే. డెబ్భైఏడు మాత్రం చెరగదు, ముప్పైమంది ఆడవాళ్ళు చదవబోతున్నారని ఆయనకి చెప్పు. లూర్దుమేరి టీచరమ్మకి నా నమస్కారాలు, సగం మైసూరుపాకు.

ఇట్లు,
మధుమిత

తా.క. గోడలకి నీలం వేస్తున్నారు, బాగానే ఉంది. సోమవారం నుంచి నేను కొట్లో కూర్చోను.