కత్తిరించిన అక్షరాలు

కేసముద్రం,
19 ఫిబ్రవరి 1976.

చిరంజీవి ఉపేందర్‌కు,

నీ వదిన కస్తూరి దీవెనలు. మీ అన్న, నేను ప్రాణాలతో ఉన్నాం. క్షేమంగా ఉన్నామని రాయబోతే చేయి ఆడలేదు. చిట్యాలలో మా మేనమామ ఇంట్లో నువ్వు సరిగ్గా అన్నం తినడం లేదని, గోప్యా కోసం ఠాణాకు వచ్చి లొంగిపోతానంటున్నావని కబురు అందింది. రావద్దు. గోప్యాను వదిలేశారు. ఎలా వదిలారో చెప్పడానికే ఈ ఉత్తరం. పోస్టులో వేస్తే విప్పి చదువుతున్నారట. అందుకే గోప్యా భార్య చాందీ చేతికి ఇస్తున్నాను. చదివి కాల్చెయ్.

నువ్వు మార్కెట్ యార్డు గోడకు అంటించిన బొమ్మ నేనూ చూశాను. బట్టల దుకాణం ప్రకటనలోని కోటు మనిషి, తల ఉండాల్సిన చోట తాళంకప్ప. దాని కింద ఎమర్జెన్సీ సర్కారు వాళ్ల ‘మాటలు తక్కువ, పని ఎక్కువ’ నినాదంలో ఒక్క ముక్క మార్చి ‘మాటలు తక్కువ, జైళ్లు ఎక్కువ’ అని అతికించావు. చేతిరాతైతే పట్టుకుంటారు, అచ్చు వేయడానికి ప్రెస్సు వాళ్లు వణుకుతున్నారు, అందుకే వాళ్ల పేపర్లనే కత్తిరించి వాళ్ల మీదికి తిప్పుతానని నాతో అన్నావు గుర్తుందా? చిన్నపిల్లల ఆట అనుకుని నవ్వాను.

నువ్వు రైలెక్కిన పొద్దునే ఎస్సై జీపు యార్డుకు వచ్చింది. మన అడ్తి దుకాణంలో బస్తాలు మోసే గోప్యా, ధాన్యానికి కాపలాగా ఆ గోడ పక్కనే పడుకుంటాడు కదా, అతన్ని పట్టుకుపోయారు. చాందీ తండా నుంచి పరుగెత్తుకుంటూ మన పెరటి తలుపు దగ్గరికి వచ్చింది. “అమ్మా, నా మొగనికి ‘అ’ అంటె తెల్వది. గన్ని అక్షరాలు వాడెట్ల అతికిస్తడమ్మా? సారుకు గదే చెప్పిన. అయితె ఎవలు అతికిచ్చిన్రో చెప్పుమని ఇంకింత కొడుతున్నరు” అని నేల మీద కూలబడింది.

గోప్యా నిన్ను చూశాడు. నిచ్చెన అతనిదే కదా. అయినా నీ పేరు చెప్పలేదు.

రోజూ చాందీ ఠాణాకు సద్ది తీసుకుపోయేది. ఒకనాడు తిరిగి వచ్చి, జమేదారు చాటుగా చెప్పిన మాట నాకు చెప్పింది. “నీ మొగడు లోపలుండంగ గోడ మీద ఇంకోటి పడితె ఎస్సై సారే ఇడ్సిపెడ్తడు. పడలేదనుకో, ఇగ వాడే దొంగ” అన్నాడట.

ఆ ఇంకోటి నేనే చెయ్యాలనుకున్నాను.

మీ అన్న సంగతి నీకు తెలుసు. నువ్వు వెళ్లిన రోజే నీ పుస్తకాలన్నీ పెరట్లో పోసి కాల్చారు. “వాని పేరు నా ఇంట్ల ఎత్తకు. లైసెన్సు పోతది, ఇల్లు పోతది. ఎవడన్న అడిగితె నాకు తమ్ముడే లేడని చెప్త” అన్నారు. వీధిలో జీపు చప్పుడైతే అన్నం ముద్ద చేతిలోనే ఆగిపోయేది. గోప్యా మాట ఎత్తితే లేచి వెళ్లిపోయేవారు. అలాంటి మనిషికి నేనేం చెప్పను?

మధ్యాహ్నం ఆయన దుకాణంలో ఉన్నప్పుడు తలుపు గొళ్లెం పెట్టాను. పొయ్యి మీద మైదా కాచి అంటించే లై చేశాను. ఎరువుల ప్రకటనలో ఒక రైతు నవ్వుతున్నాడు. సినిమా కరపత్రంలోని బేడీలు కత్తిరించి అతని చేతులకు అంటించాను. నవ్వు మాత్రం అలాగే ఉంచాను. అంటించాక ఆ నవ్వును చూడడానికి నాకే భయమేసింది. కింద ఒక్కో అక్షరం వెతికి పెట్టాను: ‘వాడు కాదు. నేను.’

తెలుగు అక్షరాలు కత్తిరించడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. కొమ్ము తెగితే మాటే మారిపోతుంది. చేతులు చెమటకు తడిసి కత్తెర జారింది. మిగిలిన ముక్కలన్నీ ఏరి పొయ్యిలో వేశాను. తర్వాత బిందె తీసుకుని వీధిలోకి అడుగు పెట్టబోతూ చూసుకుంటే, మడమకు ఒక ‘కా’ అంటుకుని ఉంది. ఆ అక్షరంతోనే ఇల్లంతా తిరిగాను. గుమ్మంలోనే కూర్చుండిపోయాను.

బొమ్మను ట్రంకు పెట్టెలో, నా పెళ్లి చీర మడతలో దాచాను. మర్నాడు తెల్లవారుజామున గుడికి పోతున్నట్టు పోయి అంటించాలని నా ఆలోచన. సాయంత్రం పెట్టె తెరిస్తే చీర ఉంది, బొమ్మ లేదు.

ఉపేందర్, ఆ భయం నీకు ఎలా చెప్పను? చీరలన్నీ దులిపాను. మీ అన్న ముఖం చూశాను. ఎప్పటిలాగే తలవంచుకుని తింటున్నారు. ఆయనే తీశారని, పొద్దున్నే ఠాణాలో ఇచ్చి నన్ను అప్పగిస్తారని అనిపించింది. అడగడానికి నోరు రాలేదు. తెల్లవారకముందే ఆయన చెప్పులు వేసుకుని, యార్డుకు పోతున్నానని వెళ్లిపోయారు. నేను రెండు చీరలు మూట కట్టుకుని జీపు కోసం ఎదురు చూశాను.

జీపు రాలేదు. చాందీ వచ్చింది. ఠాణా ఎదురుగా ఉన్న పోస్టాఫీసు గోడ మీద కొత్త బొమ్మ పడిందని, జనం గుమిగూడారని చెప్పింది. నేనూ కొంగు నిండా కప్పుకుని వెళ్లాను. నా రైతే. నా బేడీలే. కానీ కింద ‘వాడు కాదు. మేము.’ అని ఉంది. నేను పెట్టింది ‘నేను’. ఎవరో నా మాటనే మార్చారు. నా చేతిపని ఎవరికో తెలుసు. చాందీ భుజం పట్టుకున్నాను.

ఎస్సై ఆ బొమ్మను తన చేతులతోనే చించాడు. పొద్దుగూకకముందే గోప్యాను వదిలేశారు. కుడిచేతి వేళ్లు రెండు విరిచారు. ఇక ఈ ఏడు బస్తా ఎత్తలేడు. అందుకే ఇద్దరూ చిట్యాలలో చాందీ అన్న హీర్యా దగ్గరికి మిరపచేలో ఉండడానికి వస్తున్నారు. అతని ముందు ఏడవకు, కాళ్లు పట్టుకోకు. వేళ్లు నయమయ్యేదాకా పక్కన ఉండు. నువ్వు లొంగిపోతే అతను తిన్న దెబ్బలన్నీ వృథా.

బొమ్మ తీసిన వాళ్లెవరో ఇప్పటికీ తెలియదు. వీధిలో ఎవరు పలకరించినా ఉలిక్కిపడుతున్నాను. మీ అన్నను ఇంకా అడగలేదు.

జాగ్రత్తగా ఉండమని కోరే
నీ వదిన,
కస్తూరి

తా.క.: ఉత్తరం మడిచి పెట్టాక, ఎండాకాలంలో పెళ్లిళ్లు ఎప్పుడున్నాయో చూద్దామని క్యాలెండర్ తిప్పాను. పెళ్లి జనంలో కలిపి నిన్ను ఒక్కపూటైనా ఇంటికి రప్పించుకోవచ్చని ఆశ. మే నెల కాగితం మీద ‘మే’ లేదు. కింద ముహూర్తాల పట్టికలో ‘ము’ లేదు. రెండు చోట్లా చిన్న చిన్న కంతలు.

క్యాలెండర్ తీసుకుపోయి మీ అన్న ముందు పెట్టాను. ఆయన లేచి ముందు తలుపు మూశారు. “ధోతి కోసం పెట్టె దేవులాడుతుంటె దొరికింది. చింపేద్దామనే తీసిన” అన్నారు. నేనే క్యాలెండర్‌ను పొయ్యిలో పెట్టాను. అది కాలుతుంటే నా పక్కన వచ్చి కూర్చున్నారు.

“నువ్వొక్కదానివే అని రాసుకున్నవ్. నాకు మస్తు కోపమొచ్చింది” అన్నారు.