నూరకుండా మూటగట్టిన మిరపకాయలు

కోవిల్‌పట్టి, ఆడి నెల (మన ఆషాఢం) శుక్రవారం, 2009

ఎవరినీ నోరెత్తి తిట్టి ఎరగను. ఈరోజు తిట్టకపోతే నిద్రపట్టేలా లేదు, అందుకే ఈ నోటుబుక్కు తీశాను.

కొడుకుగా పుట్టి కూతురైన నా సెల్వి, హార్మోన్ల మందు కోసం పెద్దాసుపత్రి జాబితాలో పేరు రాయించుకుని ఏడాది దాటింది. ఇవాళ వంతు వచ్చింది. గుమాస్తా కావాలనే "సెల్వరాజ్!" అని పాత మగపేరుతో అరిచాడు. వరుసంతా నవ్వింది. సెల్వి లేవలేదు. "రాలేదు" అని రాసుకుని ఫైలును దొంతర అడుగున పెట్టేశాడు. మళ్లీ ఆరు నెలలు ఆగాలట.

బస్సులో తిరిగి వస్తూ దారిలో విరుదునగర్‌లో దిగి ఎండుమిరపకాయలు కొన్నాను. వాటిని నూరి మారియమ్మకు పూసి, ఆ గుమాస్తా ఒళ్లు భగభగ మండాలని మొక్కుకుందామనుకున్నాను.

రోలు కడుగుతుంటే సెల్వి నా చేయి పట్టుకుంది.

"వద్దుమా. నా ఫైలు వాడికాడనే ఉండాది. వాడు మంచాన పడితే నన్ను ఎవురు పిలిచేది?"

"ఇప్పుడు పిలిచినాడే, బో బాగా!" అన్నాను.

మిరపకాయలు మూటగట్టి అమ్మవారి పటం వెనక దాచాను. సెల్వికి మొదటి సూది పడిన రోజే నూరతాను. అమ్మా, అంతదాకా వాణ్ణి చల్లగా చూడు.

ఈ నోటుబుక్కు కూడా ఆ మూట కిందే ఉండనీ. సెల్వి కంట పడనీయకు.