రెండో తొడ మీది సూదిగాటు

హార్నోసాండ్, మార్చి 4

నా చిట్టి టూవా,

నిన్న నువ్వు ఫోన్లో ఏడ్చినంతసేపూ విన్నాను. బదులు చెప్పలేదని అలగకు. ఏడ్చేవాళ్ళతో ఫోన్లో మాట్లాడడం నాకు చేతకాదు. మధ్యలో ముక్కు చీదుకుంటారు, సగం మాట వినబడదు. కాగితమైతే నేను చెప్పేది నువ్వు చివరిదాకా వినితీరాలి.

ముందు నాకు అర్థమైనది రాస్తాను, తప్పుంటే దిద్దు. గురువారం ఓస్ట్‌మన్ అనే రిటైరైన బస్సు డ్రైవరు మీ బల్ల మీద పడుకున్నాడు. కాల్లో రక్తనాళం ఇరుకైపోయింది, నాలుగడుగులు వేస్తే పిక్క పట్టేస్తోంది. నువ్వు కుడి తొడ మొదట్లో సూది గుచ్చావు. సూదిలోంచి సన్నటి తీగ పంపావు. తీగ మీదుగా గొట్టం ఎక్కించబోయావు. గొట్టం లోపలికి వెళ్తున్నంతసేపూ తీగ కొస వేళ్ళతో పట్టుకునే ఉండాలి, మీ విద్యకు ఓనమాలు అవే. నువ్వేమో తీగ ఎక్కడిదాకా పోయిందో చూద్దామని ఎక్స్‌రే తెరవైపు తల తిప్పావు. తెర మీద తీగ అందంగా పైకి పోతోంది. ఎందుకు పోదు, కొస వదిలేశావుగా.

ముప్పై నాలుగేళ్ళు సర్జన్‌గా పనిచేశాను. పొట్ట కోసినప్పుడు పొట్టలోకే చూశాను, గోడవైపు కాదు. మీవాళ్ళు మనిషిని పడుకోబెట్టి అతని బొమ్మకు వైద్యం చేస్తారు. ఎక్స్‌రే తగలకుండా ఒంటికి ఏడు కిలోల సీసం కోటు తగిలించుకుని, గింజంత రంధ్రం చేసి, ప్లాస్టర్ అంటించి, సాయంత్రం కాఫీ వేళకు ఇంటికి పంపేసి, మేమూ ఆపరేషన్ చేశామంటారు. ఈ చదువులోకి వెళ్తానని నువ్వు చెప్పిన రోజున నేను ఏమన్నానో గుర్తుందా? ఏమీ అనలేదు. అదే నా అభిప్రాయం.

సరే. మీ పెద్ద డాక్టర్ ఆర్విడ్ రెండో తొడలోంచి, అంటే ఎడమ తొడలోంచి, ఉచ్చులాంటి గొట్టం పంపి పదకొండు నిమిషాల్లో ఆ తీగను పట్టి లాగేశాడు. ఇరుకైన నాళాన్ని కూడా వెడల్పు చేశాడు. ఓస్ట్‌మన్ మత్తు వదిలాక దుప్పటి ఎత్తి చూసుకుని, కుడివైపన్నారుగా, ఎడమవైపు ప్లాస్టర్ ఎందుకని అడిగాడు. అటువైపు నుంచి కూడా ఒకసారి చూశామన్నాడు ఆర్విడ్. ఆ పెద్దమనిషి తృప్తిపడి నీ చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్పాడు. తర్వాత నడవాలో ఆర్విడ్ నీతో, కాలు వెచ్చబడింది, మనిషి నడుస్తున్నాడు, ఏమీ జరగలేదు, ఏమీ జరగనిదానికి ఫారం ఉండదు అన్నాడు. ఇప్పుడు నువ్వు ఓస్ట్‌మన్‌కి ఉన్నది చెప్పేసి, తప్పు జరిగిందని ఫారం నింపి, ఈ విద్యే మానేస్తానంటున్నావు.

నువ్వన్నదాంట్లో సగమే నా సలహా. మానెయ్. చెప్పకు. చెప్పి ఎవరిని ఉద్ధరిస్తావు? నీ గుండె తేలికవుతుంది, ఆయన గుండె బరువెక్కుతుంది. ఆయన కాలు బాగుంది. నోరు మూసుకుని ఈ వసంతం గడిపి, శరత్కాలంలో సర్జరీకి మారు. నీ వేళ్ళు మంచివి, వాటిని సినిమా చూడడానికి వాడకు.

ఊలు మేజోళ్ళు విడిగా పంపుతున్నాను. సీసం కింద వేసుకుంటే ఎవరికీ కనబడవు.

నీ అమ్మమ్మ
గున్‌బోర్గ్


హార్నోసాండ్, మార్చి 12

టూవా తల్లీ,

నీ ఉత్తరం అందింది. నా ఉత్తరం చదువుతుంటే ఆర్విడ్ మాట్లాడుతున్నట్టే ఉందన్నావు. డెబ్బై తొమ్మిదేళ్ళ జీవితంలో నన్ను చాలామంది చాలా అన్నారు గానీ ఇంత మాట ఎవరూ అనలేదు. రెండుసార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి చదివాను. మాట మారలేదు.

ఇంకో సంగతి కూడా రాశావు. ఆర్విడ్‌కి ఈ విద్య నేర్పిన ముసలాయన పేరు రూట్‌గర్ హమ్రీన్ అట. ఒకప్పుడు మా ఊరి ఆసుపత్రిలో ఉండేవాడట. ఒక సర్జన్ వదిలేసిన తీగను ఆయన బయటికి లాగి, చచ్చేదాకా ఆ పేరు ఎవరికీ చెప్పనని మాటిచ్చి, ఆ మాట నిలబెట్టుకున్నాడట. తోటి డాక్టరంటే అలా ఉండాలని ఆర్విడ్ నీకు పాఠం చెప్పాడట. ఆయన నీకు తెలుసా అమ్మమ్మా అని అడిగావు.

తెలుసు. నేలమాళిగలో ఉండేవాడు, పందికొక్కులాగా. రోజూ పొద్దున ఎనిమిదింపావుకి మేం సర్జన్లందరం కిందికి దిగి అతని చీకటిగదిలో వరసగా కూర్చోవాలి. అతను రాత్రి తీసిన ఎక్స్‌రేలన్నీ వెలుగుపెట్టె మీద పెట్టి, పాత స్వెటర్ అల్లే సూదితో చూపిస్తూ, ఎవరి రోగి పొట్టలో ఏముందో మాకే చెప్పేవాడు. రోగి పేరు అడిగితే తెలియదు, నంబరు చెప్పేవాడు. కోటు జేబులో ఎప్పుడూ సగం తిన్న సాసేజ్ శాండ్‌విచ్. మేం ఆరుగంటలు నిలబడి చేసే పనిని తను ఒక గొట్టంతో చేస్తానని మొట్టమొదట అన్నది అతనే. అతని మొహం చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఇప్పటికీ సరుకుల కొట్టు దగ్గర కనబడితే రోడ్డు దాటి అవతలికి పోతాను.

ఆ సర్జన్ ఎవరో నాకెలా తెలుస్తుంది? ఆ రోజుల్లో ఆరుగురం ఉండేవాళ్ళం. ఆరుగురిలో నలుగురు తాగుబోతులు, ఒకడు మంచివాడు. ఆ ఐదుగురిలో ఎవరైనా కావచ్చు.

ఈ ప్రశ్నలు మానేసి ఆకురాలే కాలానికి దరఖాస్తు పెట్టుకో. రైలు టిక్కెట్టు కొన్నానన్నావు, రావద్దు. పార్శ్వపు నొప్పిగా ఉంది.

అమ్మమ్మ


హార్నోసాండ్, మార్చి 21

నా బంగారు టూవా,

పార్శ్వపు నొప్పి లేదు. ఎప్పుడూ లేదు. ఆరుగురం ఉన్నమాట మాత్రం నిజం, అందులో ఒకతె ఆడది. లెక్క నువ్వే వేసుకో.

నలభై మూడేళ్ళ కిందటి నవంబరు. అల్ఫ్‌హిల్డ్ షెదీన్ అని కాగితపు మిల్లులో పనిచేసే ఆవిడ, యాభై రెండేళ్ళది, పిత్తాశయం చీము పట్టి వచ్చింది. మత్తిచ్చాక మెడలోని పెద్ద సిరలోకి గొట్టం పెట్టాలి. సూది, తీగ, గొట్టం, అదే పద్ధతి. మాకు అప్పుడప్పుడే నేర్పించారు. నా ముందు ఏ తెరా లేదు టూవా, నాకు ఆ సాకు కూడా లేదు. ఈ తీగల విద్య ఎంత చవకబారుదో పక్కనున్న నర్సుకి ఉపన్యాసమిస్తున్నాను. నర్సు నవ్వింది. ఆమె నవ్వు చూద్దామని తలెత్తాను. తల దించేసరికి వేళ్ళ మధ్య తీగ లేదు.

రూట్‌గర్‌ని పిలిపించారు. చక్రాల మెషిను తోసుకుంటూ వచ్చి, తొడలోంచి ఉచ్చు పంపి, తీగను పట్టి లాగాడు. దాన్ని గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకుని, ఇక నువ్వు కోసుకో అని వెళ్ళిపోయాడు. రికార్డులో అతనూ రాయలేదు, నేనూ రాయలేదు. మర్నాడు పొద్దున ఎనిమిదింపావుకి ఆమె ఛాతీ బొమ్మ వెలుగుపెట్టె మీద పెట్టి, అంతా సవ్యంగా ఉందన్నాడు. నావైపు చూడలేదు. ఆ చూడకపోవడాన్ని నేను ఈనాటికీ క్షమించలేదు.

అసలు సంగతి అది కాదు. ఆపరేషన్ బాగా అయింది, నేను మంచి సర్జన్ని. కానీ అల్ఫ్‌హిల్డ్ తొడ లోపల రక్తం కారి మోకాలిదాకా నల్లబడింది. వార్డులో నన్నడిగింది, పొట్ట కదా కోశారు డాక్టరుగారూ, తొడెందుకిలా అయిందని. మంచం కమ్మీకి కొట్టుకుని ఉంటుందన్నాను. నెల తర్వాత వచ్చింది, ఇక్కడ సూది గుచ్చిన మచ్చ ఉందని చూపించింది. నీకు డాక్టరీ తెలుసా అని అడిగాను. వేసవిలో మూడోసారి వచ్చింది. అప్పుడు నేను ఆమె రికార్డులో ఒక వాక్యం రాశాను: రోగి అతిగా ఊహించుకుని ఆందోళన పడే స్వభావం గలది. ఆ తర్వాత ఆమె ఏ జబ్బుతో ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా మొట్టమొదట వాళ్ళు చదివింది ఆ వాక్యమే.

నీ ఉత్తరంలో ఆర్విడ్ మాట చదివాక, రూట్‌గర్‌ని చెడామడా తిడదామని వంతెన అవతలి వృద్ధాశ్రమానికి వెళ్ళాను. ఎనభై ఎనిమిదేళ్ళు. కిటికీ దగ్గర కూర్చుని బఠాణీల సూప్ తాగుతున్నాడు. నన్ను గుర్తుపట్టాడు.

"నీ పేరు ఎవరికీ చెప్పలేదు గున్‌బోర్గ్," అన్నాడు.

"అదే నువ్వు చేసిన వెధవపని."

"నీకు మేలు చేశాననుకున్నా."

"ఆ మేలుకే నలభై మూడేళ్ళుగా నిన్ను అసహ్యించుకుంటున్నాను."

"నేనది సర్జన్ల పొగరనుకున్నా."

"అది కూడా ఉంది," అన్నాను.

సూప్ పక్కన పెట్టాడు. అల్ఫ్‌హిల్డ్ తన దగ్గరికి కూడా వచ్చిందని చెప్పాడు. నేలమాళిగ మెట్లు దిగి, చీకటిగది తలుపు కొట్టి, నా తొడలో మీరేం చేశారని అడిగిందట. మీ సర్జన్ని అడగమని పంపేశాడట. ఆమె నన్ను మూడోసారి అడగడానికి వచ్చింది ఆ మెట్లెక్కే.

ఆమె పోయి పదకొండేళ్ళయింది. కూతురు సోల్‌వే, క్రామ్‌ఫోర్స్ ఊళ్ళో పూలకొట్టు నడుపుతుందని ఆశ్రమంలో నర్సు చెప్పింది. మంగళవారం బస్సెక్కి వెళ్ళాను. నేనెవరో చెప్పాను. కొట్టు వెనక గదిలో కూర్చోబెట్టి కాఫీ పోసింది. జరిగిందంతా చెప్పాను, రికార్డులో రాసిన వాక్యంతో సహా. ఆమె చేతిలో తులిప్ పూలకట్ట ఉంది, కాడలు కత్తిరించడం ఆపలేదు. అంతా విని ఇలా అంది:

"అయితే అమ్మ చెప్పింది నిజమేనన్నమాట. క్రిస్మస్ భోజనాలప్పుడు అమ్మ తొడ కథ మొదలెడితే మేమంతా నవ్వేవాళ్ళం. చివరికి అమ్మ కూడా నవ్వడం మొదలెట్టింది."

నన్ను తిట్టలేదు. పోనీలెండి అనలేదు. సగం తాగిన కప్పు నా ముందునుంచి తీసేసింది. నేను కోటు వేసుకుని వచ్చేశాను.

ఆ వాక్యం రాసింది నేనేననీ, అది అబద్ధమనీ దాని కిందే చేర్చమని ఆసుపత్రికి రాశాను. రికార్డుల గదినుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి, రోగి చనిపోయింది కదా మేడమ్, ఇక ఎవరూ చదవరు కదా అంది. ఆ పిల్లకి మర్యాదగానే జవాబిచ్చాను, నమ్ము. చేరుస్తానంది.

మొదటి ఉత్తరంలో నేనిచ్చిన సలహా చింపి పారెయ్. మానొద్దు. నీ విద్య మీద నా అభిప్రాయం మారిందనుకోకు. గింజంత రంధ్రాల గురించి మీవాళ్ళ గొప్పలు వింటే నాకిప్పటికీ నవ్వొస్తుంది. కానీ ఆపరేషన్ గదుల్లో తప్పు చేసి నోరు మూసుకుని కొనసాగేవాళ్ళు ఇదివరకే చాలామంది ఉన్నారు, తప్పు చెప్పి కొనసాగేది ఒకతె ఉండనీ. ఫారం నింపు. ఆర్విడ్ కోప్పడితే, తమ గురువుగారు మెట్ల మీదినుంచి ఒక రోగిని వెనక్కి పంపిన కథ చెప్పు. ఆ కథ అతనికి తెలిసి ఉండదు.

ఓస్ట్‌మన్ దగ్గరికి సోమవారమే వెళ్ళు. నిలబడి చెప్పకు, కుర్చీ లాక్కుని కూర్చో. తీగ వదిలింది నేనే, ఎడమ తొడలో రంధ్రం దానికోసమే అని ఆ మాటలతోనే చెప్పు. బస్సు డ్రైవరు కదా, మంచివాడిలా ఉన్నాడు, నవ్వేసి ఫర్వాలేదమ్మా అంటాడు. అనగానే బతికిపోయానని లేచి రాకు. ఇంకేమైనా అడగాలనుందా అని అడుగు. ఆయన అడిగినంతసేపూ కూర్చో.

నీ
గున్‌బోర్గ్ అమ్మమ్మ