కల్లంలో రాళ్లు

నా బంగారుతల్లి అనీసాకు,

సంతోషం పట్టలేక, కోపం ఆపుకోలేక మీ నాన్న రాసేది. ఫోన్ చేస్తే తీయవు కాబట్టి ఉత్తరమే గతి.

మీ కాలేజీ పిల్లలంతా కలిసి చేసిన బండి, చంద్రుడి మీద తిరగాల్సిన ఆ ఆరు చక్రాల బండి, చివరి పోటీకి ఎంపికైందట! ఆ మాట నువ్వు చెప్పాలా, నీ స్నేహితురాలు శ్రీదివ్య చెప్పాలా? ఆ పిల్ల ఫోన్లో చెప్పగానే మిరపచేలోనే గంతులేశాను. కూలీలు కోత ఆపి, "ఏందయ్యా బుడానూ, తేలు కుట్టిందా?" అన్నారు. "నా కూతురి బండి చంద్రుడి మీదికి పోతంది!" అన్నాను. "పోటీకేనయ్యా, చంద్రుడి మీదికి కాదు" అని మీ అమ్మ. ఆవిడకెప్పుడూ నా నోరు మూయించడమే పని.

సరే, ఆ రోజు సంగతి. మన కల్లం చంద్రుడి నేలలా ఉండాలని మీరు రాళ్లూ రప్పలూ పరిచారు. బండి నడిపి, వీడియో తీసి పోటీవాళ్లకు పంపాలి. మీరు టిఫిన్‌కి కూర్చున్న కాసేపట్లో నేను రాళ్లన్నీ ఏరి పారేసి, ఊడ్చి, పేడనీళ్లతో అలికేశాను. ముప్పయ్యేళ్లుగా కాయలు ఆరబోసే ముందు చేసే పనే. కాయల్లో ఒక్క గులకరాయి కనబడినా కొనేవాడు బస్తా పక్కకు నెట్టేస్తాడు. రాళ్లు కావాలనే పరిచారని నాకెవరైనా చెప్పారా? ఐదుగురు ఇంజనీర్లున్నారు, ఒక్కరి నోరన్నా పెగిలిందా!

"చెడగొట్టడం తప్ప నీకేం వచ్చు నాన్నా!" అన్నావు, అందరి ముందూ. మధ్యాహ్నానికి వండిన కోడికూర ముట్టకుండా, వీడియో అక్కడ తీసుకుంటామని బండెత్తుకుని మార్టూరు క్వారీల్లోకి పోయారు. నెల దాటింది. అబద్ధమెందుకు, ఆ మాట తలుచుకుంటే ఇంకా ముద్ద దిగడం లేదు.

క్వారీల్లోకి మళ్లీ రానివ్వరట, చివరి పోటీకి ముందు బండి నడిపి చూసుకోవడానికి చోటు లేదటగా? శ్రీదివ్యే చెప్పింది. మార్టూరులో రాళ్లు పాలిష్ పట్టే మన అక్బర్ దగ్గర ముక్కరాళ్లు ట్రాక్టరుకేసి తెచ్చాను. ఆ రోజు నువ్వు తీసిన ఫొటో మీ అమ్మ ఫోన్లో ఉంటే, అది చూస్తూ ఎక్కడి రాయి అక్కడే పెట్టాను. కాయలు చేలో ప్లాస్టిక్ పట్టాల మీద పోశాం. కల్లం ఉండగా ఇదేం ఖర్మని మీ అమ్మ రోజూ తిడతానే ఉంది.

ఇక ఒక్క రాయీ ఏరను, ఒట్టు. నిన్న పొద్దున మాత్రం చెయ్యి ఊరుకోక రెండు ఏరాను. నాలిక కరుచుకుని మళ్లీ పెట్టేశాను. అందుకే ఇంట్లో ఉన్న చీపుర్లన్నీ అక్బర్‌కిచ్చి, నువ్వొచ్చి వెళ్లేదాకా నేనడిగినా ఇవ్వొద్దని చెప్పాను.

త్వరగా రా తల్లీ. ఇల్లంతా దుమ్ము.

నీ మీద కోపం నిలబెట్టుకోవడం చేతకాని నాన్న,
షేక్ బుడాన్