సంచి మీది గీత

ప్రియమైన తమ్ముడికి,

ఈ ‘ప్రియమైన’ అన్న మాట మీ వదిన పక్కన కూర్చుని రాయించింది. నన్నడిగితే వేరే మాటతో మొదలుపెట్టేవాణ్ణి.

మన వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద ఇనుప షాఫ్టు మరీ సన్నగా చెక్కి పాడుచేసింది చాలక, రాడ్డుతో నా కడుపులో పొడుస్తావా? ఆ దెబ్బకి క్లోమం చిరిగిందట. ఆపరేషన్ చేసి దాని తోక భాగం కోసి పారేశారు. పదోరోజుకి లోపల చీము చేరింది. చలిజ్వరంతో మంచం ఊగిపోయింది. మళ్లీ కోస్తారని హడలిపోయా. కొయ్యలేదు. స్కానింగ్ మిషన్‌లో పడుకోబెట్టి, తెర మీద చూసుకుంటూ, ఎడమ పక్కటెముకల కింద సూది గుచ్చి, ఆ దారినే సన్నటి గొట్టం దించారు. బుడబుడమంటూ సంచిలోకి చీము దిగింది. కంపుకి నర్సే మొహం తిప్పుకుంది.

అందరికీ మిషన్ హ్యాండిల్ తగిలిందని చెప్పా. నోరు మూసుకుని ఉండు. లేచాక నీ కాళ్లు నేనే విరగ్గొడతా. ఆ పని పోలీసులకి వదలను.

నీ అన్న

*

ప్రియమైన అన్నయ్యకి,

కాళ్లేగా, విరగ్గొట్టుకో. ఎడమ చెవిలో ఒకటే హోరు, ఫోన్‌లో నీ మాట అర్థం కావట్లేదు. అందుకే ఉత్తరం.

కళ్లు మూస్తే నువ్వు రక్తం కక్కుకోవడమే కనిపిస్తోంది. తప్పంతా నాదే. సోమవారం పోలీస్ స్టేషన్‌కి వెళ్లి ఒప్పేసుకుంటా.

తమ్ముడు

*

ప్రియమైన వెర్రివెధవకి,

సోమవారమా? బుద్ధుందా నీకు? ఆదివారానికే ఇంటికొచ్చి నిన్ను గదిలో పెట్టి తాళం వేస్తా.

రోజూ పొద్దున నర్సు సంచి మీది గీత చూసి, ఎంత దిగిందో రాసుకుంటుంది. గీత బాగా తగ్గితే గొట్టం తీసేస్తారు. అందుకని ఆవిడ రాకముందే ముప్పావు వంతు బేసిన్‌లో పారబోస్తున్నా. రేపే తీసేస్తారట! ఎలా ఉంది మీ అన్న తెలివి? కవరు అంటించి పంపుతున్నా. మీ వదిన చదివిందంటే నన్ను చంపేస్తుంది.

అన్న

*

అన్నయ్యా,

నీ కవరు వదిన నిన్ననే ఇచ్చింది. చదవగానే పరుగెత్తుకొచ్చా. అప్పటికి గొట్టం తీసి మూడురోజులు. ఒళ్లు కాలిపోతూ, పళ్లు కొరుకుతూ, నన్ను గుర్తుపట్టక పిడికిలితో నా దవడ వాచేలా గుద్దావు. ఆ ఉత్తరం డాక్టరమ్మకి చూపించా. నిన్ను అప్పటికప్పుడు స్కానింగ్‌కి తోసుకెళ్లారు. నువ్వు బతకాలి అన్నయ్యా, అంతే.

ఇది నీ దిండు కింద పెట్టి స్టేషన్‌కి పోతున్నా.

తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

ఈసారి ఎవరూ రాయించలేదు.

ఇప్పుడు రెండు గొట్టాలు. జ్వరం దిగింది. ఇన్‌స్పెక్టర్ మంచం దగ్గరికొచ్చాడు. ఊరికే తిక్కపుట్టి పొడిచానని రాసిచ్చావట, అన్న చెయ్యే ఎత్తలేదన్నావట. అబద్ధాలకోరా!

నేను ఆయనకి ఉన్నదున్నట్టు చెప్పేశా. పాడైన షాఫ్టు చూడగానే మా తమ్ముడి తల ఇనుప బల్లకేసి మూడుసార్లు బాదింది నేనే. చెవిలోంచి రక్తం కారుతున్నా వదల్లేదు. రెండు చేతులతో గొంతు పిసికా. కళ్లు తేలేశాకే వాడి చేతికి రాడ్డు అందింది. అది అందకపోతే ఇవాళ నేను హంతకుణ్ణి సార్ అన్నా. సంతకం కూడా పెట్టా. మీ వదిన ఆ గదిలోనే ఉంది. బయటికెళ్లి ఏడ్చింది.

నాన్న పోయాక నిన్ను పెంచానన్న పొగరుతో ఇన్నేళ్లూ కొట్టా. నువ్వు ఒక్కసారి కొట్టావు, అదీ బతకడానికి. నన్ను క్షమించరా. క్షమించకపోయినా సరే, చెవి డాక్టరుకి చూపించుకో.

నిన్న సంచిలో చీము అరవై మిల్లీల గీత మీద ఉంది, ఇవాళ నలభై. ఒక్క చుక్క పారబోయలేదు. పోలీసులు నిన్ను వదిలాక ఇటు రా. వినపడే చెవి దగ్గర కూర్చుని మెల్లగా మాట్లాడతా.

నీ అన్న