ఆలకెంతో నాకూ అంతే

ఫిబ్రవరి 1974, మంగళవారం

టాక్సు కాగితంలో ఇన్సూరెన్సుకు గడి ఉంది, ప్రావిడెంట్ ఫండుకు గడి ఉంది. నేను బ్యాంకులో ఉన్నంతసేపూ పాపను చూసుకునే పైడమ్మ జీతం ఎక్కడ రాయాలని అకౌంటెంటు గారిని అడిగాను. "అది మీ ఇంటి ఖర్చమ్మా. దానికి టాక్సు తగ్గదు" అన్నారు.

ఆ మంటతోనే సాయంత్రం బస్సెక్కాను. దారిలో టైరు పేలి చెరకు తోట పక్కన ఆగిపోయింది. ఆడవాళ్లు వరసగా చెరకు కొడుతున్నారు. గట్టు మీద ఒక ముసలమ్మ ఆరుగురు పసివాళ్లను చూసుకుంటోంది. చెరకు బండి కింద కట్టిన చీర ఉయ్యాలను కాలితో ఊపుతూ ఇంకొకడికి గంజి పడుతోంది.

"నీకు కూలెంతిస్తారమ్మా?" అన్నాను.

"ఆలకెంతో నాకూ అంతే. నానిక్కడ పిల్లగుంటల్ని సూడకపోతే ఆలక్కడ కొట్టగల్రేటి?" అంది, ఇందులో అడగడానికేముందన్నట్టు.

బస్సు కదిలినా నా కళ్లు ఆ గట్టు మీదే ఉన్నాయి. మా బ్యాంకులో ఇంతమంది చదువుకున్నవాళ్లం తేల్చలేనిది వీళ్లు ఎప్పుడో తేల్చేసుకున్నారు.

ఇంటికొచ్చేసరికి పాప పైడమ్మ ఒళ్లో నిద్రపోతోంది. టాక్సు తగ్గదు కనక వచ్చే నెల నుంచి ఆమె జీతంలో ఐదు రూపాయలు తగ్గిద్దామని మధ్యాహ్నం అనుకున్నదాన్ని నేనే.

"ఏటమ్మా, అలాగ సూస్తన్నావు?" అంది.

ఆ ఐదు రూపాయల ఆలోచన అక్కడే వదిలేసి, పాపను ఆమె ఒళ్లోంచి ఎత్తుకున్నాను.