ఖాళీ రివాల్వర్

శుక్రవారం, హఫర్ అల్ బాతిన్

నెల రోజుల కసి ఈరోజు తీరింది.

మాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ చిన్న రివాల్వర్‌లోకి తూటాలు దూరకపోతే, నేను తుడిచి తుడిచి పాడుచేశానని చెప్పింది నాతో పనిచేసే యూసుఫ్ భాయే. నన్ను కారు నడిపే పనినుంచి తీసి మేకల కొట్టంలో పడేశారు. కారు అతనికిచ్చారు. అసలు రివాల్వర్ పాడుచేసింది అతను. కఫీల్ లేనప్పుడు దాన్ని తీసి, ప్రతిసారీ బొటనవేలితో హ్యామర్ వెనక్కి లాగి, ఖాళీగానే టక్కుటక్కుమనిపించేవాడు. ఆ రకంలో తూటా లేకుండా కొడితే లోపలి సూది తూటా గది అంచుకు తగిలి సొట్ట పడుతుంది. "వద్దు భాయ్, ఖరాబైతది" అని ఎన్నిసార్లు చెప్పానో.

ఇవాళ ఇంటి ముందుగది మజ్లిస్‌లో కఫీల్ బాగుచేయించి తెచ్చిన రివాల్వర్‌ను ఖాళీచేసి అతిథులకు చూపించాడు. ఆఖరి అతిథి దాన్ని పెట్టెలో పెట్టమని గహ్వా కాఫీ పోయడానికి కొట్టంనుంచి పిలిపించిన నాకిచ్చాడు. నేను తలుపు దగ్గరున్న యూసుఫ్ చేతిలో పెట్టాను. ఈసారి వద్దనలేదు. అలవాటుపడ్డ బొటనవేలు ఊరుకుంటుందా? టక్కుమంది. మళ్ళీ టక్కుమంది. కఫీల్ గహ్వా కప్పు కింద పెట్టి అతనివైపు చూశాడు.

బయటికొచ్చాక యూసుఫ్ నా చొక్కా పట్టుకున్నాడు.

"కావాల్నని ఇచ్చినవ్ కదరా?"

"అవ్ భాయ్. కావాల్ననే ఇచ్చిన."

రేపటినుంచి కారు నాది, మేకలు అతనివి అన్నాడు కఫీల్. వాటిలో కుంటిదానికి మేత విడిగా పెట్టాలి, లేకపోతే మిగతావి దాన్ని దగ్గరికి రానివ్వవు. పాపం, నా అడుగు చప్పుడు వింటేనే లేచి నిలబడుతుంది. ఆ సంగతి యూసుఫ్‌కు తెలియదు.

అడిగితే చెబుతాను. అడగడు.